మైనస్ 25లో ఉన్న క్యాసెట్లను ఇంట్లోకి ఎలా తెచ్చుకోవాలి? చలిలో టేపులు, రికార్డర్ల జాగ్రత్తలు

గోదారిపిల్ల (మిన్నియాపొలిస్)

అందరికీ నమస్కారం. సలహా కావాలి, కాస్త తొందరగా.

మా నాన్నగారు హరికథలు చెప్పేవారు. 1980ల్లో, 90ల మొదట్లో కోనసీమ గుళ్లలో, శ్రీరామనవమి పందిళ్లలో ఆయన చెప్పిన కథలను మా బాబాయి టేప్‌రికార్డర్‌లో పట్టి ఉంచారు. రెండు అట్టపెట్టెల నిండా క్యాసెట్లు, వాటితోపాటు కొన్ని చిన్న రీళ్లు. అన్నయ్య వాటిని ఇండియా నుంచి తెచ్చి ఇక్కడ తన గ్యారేజీలో పెట్టాడు. ఆ గ్యారేజీకి హీటింగ్ లేదు. ఈ వారం రాత్రిళ్లు మైనస్ 25 దాకా పడిపోతోంది. శనివారం వాటిని మా ఇంటికి తెచ్చుకుంటున్నాను.

చలికి రికార్డింగ్ చెరిగిపోతుందా? టేపు పెళుసెక్కి తెగిపోతుందా? తేగానే ఒక్కటైనా పెట్టి వినొచ్చా? నాన్నగారు ఇప్పుడు లేరు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. అందుకే ఇంత టెన్షన్.

బెజవాడ_రీలు (విజయవాడ)

అమ్మా, కంగారు పడకండి. చాలా ఏళ్లుగా టేప్‌రికార్డర్లు బాగుచేస్తున్నవాడిగా చెబుతున్నాను, చలికి రికార్డింగ్ చెరగదు. టేపు మీద ఉన్నది అయస్కాంత ముద్ర. దాన్ని చెరపాలంటే గట్టి అయస్కాంతమైనా దగ్గరికి రావాలి, విపరీతమైన వేడైనా తగలాలి. చలి వల్ల ఆ పని జరగదు.

చలి చేసేది వేరు. టేపు ఫిలిం ముడుచుకుంటుంది, దాంతో చుట్టలో బిగువు మారుతుంది. ఒకచోట పొరలు వదులవుతాయి, ఇంకోచోట బిగుసుకుంటాయి. ఆ చుట్టను ఉన్నపళంగా డెక్‌లో, అంటే టేపు ఆడించే యంత్రంలో, పెట్టి ప్లే నొక్కితే టేపు సమంగా రాదు. ఒక పక్కకు జారి అంచు నలుగుతుంది. నలిగిన అంచు మళ్లీ సాపు కాదు, ఆ ముక్కలో శబ్దం వచ్చీ రానట్టు ఊగుతూనే ఉంటుంది.

క్యాసెట్ల మీద ఏ అంకె ఉందో చూడండి. 60 అని ఉంటే టేపు మందం సుమారు 18 మైక్రాన్లు. 90 అయితే 12. 120 అయితే 9 మాత్రమే. 120లు ఉంటే పక్కన పెట్టి అన్నిటికంటే చివర ముట్టుకోండి. మామూలు రోజుల్లోనే అవి సాగుతాయి, చుట్టుకుపోతాయి.

తేమకొలత (హైదరాబాద్)

బెజవాడ గారు చెప్పింది నిజం. కాకపోతే అసలు గండం గ్యారేజీలో లేదు, మీ ఇంటి గుమ్మం దగ్గర ఉంది.

మీ ఇంట్లో 21 డిగ్రీలు, గాలిలో తేమ 40 శాతం అనుకుందాం. ఆ గాలిలో 7 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు పెట్టినా దాని మీద నీరు పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద చెమట పట్టినట్టే. మీ క్యాసెట్లు ఆ గీతకు 30 డిగ్రీల కింద ఉన్నాయి. వాటి మీద ముందు నూగులా మంచు కడుతుంది, అది కరిగి నీరవుతుంది. పైన డబ్బా మీద పడే నీటితో పెద్దగా నష్టం లేదు, తుడిస్తే పోతుంది. క్యాసెట్ లోపల, టేపు పొరల మీద, రోలర్ల మీద పడేదే ప్రమాదం. తడిసిన టేపు క్యాప్‌స్టన్‌కి, అంటే టేపును లాగే సన్న లోహపు కడ్డీకి, అతుక్కుని దాని చుట్టూ చుట్టుకుంటుంది.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. గ్యారేజీలోనే, ఆ చలిలోనే, క్యాసెట్లను జిప్ సంచుల్లో వేసి గాలి బయటికి నొక్కేసి మూసేయండి. అంత చల్లటి గాలిలో తేమ దాదాపు ఉండదు కాబట్టి సంచిలో మిగిలే గాలి పొడిగా ఉంటుంది. సంచులను థర్మోకోల్ పెట్టెలోనో, ఐస్‌బాక్స్‌లోనో సర్ది మూత పెట్టండి. ఇంటికొచ్చాక ఆ మూత మర్నాటి దాకా తీయొద్దు. లోపలి చలి మెల్లగా దిగుతుంది. నీరు పట్టినా సంచి బయట పడుతుంది, టేపు మీద కాదు.

చాలామందికి తట్టని సంగతి ఇంకొకటి ఉంది. విడిగా పెట్టిన చిన్న క్యాసెట్ వేడి అందుకోవడానికి గంటో, రెండు గంటలో చాలు. కిక్కిరిసిన పెట్టెలో మధ్యన ఉన్నదానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. తేమ సర్దుకోవడానికైతే రోజులు కావాలి, ఎందుకంటే చుట్టలోకి అది అంచుల నుంచి మాత్రమే ఇంకుతుంది. సంచుల్లోంచి తీశాక ఒక వారం మీ గదిలో అరలో నిలబెట్టి ఉంచండి. ఇన్నేళ్లు ఆగిన టేపులు, ఇంకో వారం ఆగితే పోయేదేం లేదు.

పాతపాటలపెట్టె (డల్లాస్)

తడిసిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెడతారు కదా, క్యాసెట్లకు కూడా అదే చేయొచ్చేమో? లేకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం కొంచెం వెచ్చబెట్టినా సరిపోతుందనుకుంటున్నా.

తేమకొలత (హైదరాబాద్)

రెండూ వద్దండి. బియ్యం పెద్దగా తేమ పీల్చదు. దాని పొడి మాత్రం క్యాసెట్ లోపలికి వెళ్తుంది. ఆ పొడి టేపును చదివే హెడ్‌కీ టేపుకీ మధ్య చేరితే గీతలు పడతాయి. హెయిర్ డ్రయ్యర్ ఇంకా చెడ్డది. చుట్ట పైపొరలు వేడెక్కుతాయి, లోపలివి గడ్డకట్టే ఉంటాయి. బిగువు అంతా తారుమారవుతుంది. పైగా డబ్బా ప్లాస్టిక్ వంగిపోతుంది. ఓవెన్, హీటర్ ముందు పెట్టడం, కారులో వేడిగాలి వచ్చే చోట పెట్టడం, ఇవన్నీ ఒకే కోవలోవి.

టేపుల్ని ఓవెన్‌లో పెడతారని మీరు వినే ఉంటారు. అది వేరే జబ్బుకి చేసే వైద్యం. 1970ల నుంచి వచ్చిన కొన్ని కంపెనీల రీళ్లలో పూత కాలక్రమేణా తేమ పీల్చి జిగటగా మారుతుంది. వాటిని 54 డిగ్రీల దగ్గర గంటల తరబడి నిలకడగా వేడిచేసి, వెంటనే కాపీ తీసుకుంటారు. అందుకు ప్రత్యేకమైన సరంజామా ఉంటుంది. ఇంటి ఓవెన్ ఆ పనికి రాదు, చలికీ దానికీ సంబంధం లేదు.

తేమ పీల్చాలంటే సిలికా జెల్ వాడండి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే పొట్లాలు అప్పటికే నిండిపోయి ఉంటాయి, వాటిని నమ్మొద్దు. రంగు మారే గుళికలు కొనుక్కోండి. నారింజ రంగువి తేమ పీల్చాక ఆకుపచ్చగా మారతాయి. వాటినైతే ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

చినూక్ (కాల్గరీ)

గోదారిపిల్ల గారూ, నేనూ మీలాగే చలి ఊళ్లో ఉంటున్నాను. ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఒక్క పెట్టె కూడా ఆ గ్యారేజీలో మిగల్చొద్దు, "వేసవిలో తెచ్చుకుందాం" అనుకోవద్దు.

మా ఊళ్లో చలికాలం మధ్యలో కొండల వైపు నుంచి చినూక్ గాలి వస్తుంది. పొద్దున మైనస్ 20 ఉంటే సాయంత్రానికి సున్నా దాటేస్తుంది. రెండు రోజుల్లో మళ్లీ మైనస్‌లోకి జారుతుంది. హీటింగ్ లేని గదిలో ఉన్న టేపు ప్రతిసారీ ముడుచుకుని, మళ్లీ సాగి, దాంతోపాటు తడిసి ఆరుతూ ఉంటుంది. ఒకే తీరుగా ఉండే చలి కంటే ఈ ఎగుడుదిగుళ్లే టేపును ఎక్కువ దెబ్బతీస్తాయి. మీ ఊళ్లో చినూక్ రాదు కానీ, మార్చి, ఏప్రిల్‌లలో మీకూ పగలు కరగడం, రాత్రి గడ్డకట్టడం ఉంటుంది కదా.

ఆర్కైవుల వాళ్లు అయస్కాంత టేపును 8 డిగ్రీల కంటే కింద దాచొద్దంటారు. పూతలో కలిసి ఉండే కందెన విడిపోయి పైకి తేలే ప్రమాదం ఉంది. ఫోటో ఫిలింకి ఫ్రీజర్ మంచిది కాబట్టి టేపుకీ మంచిదే అనుకునేవాళ్లున్నారు. కాదు. టేపు ఉండాల్సింది మనం హాయిగా కూర్చోగలిగే గదిలోనే: 18 నుంచి 20 డిగ్రీలు, తేమ 30 నుంచి 40 శాతం మధ్య, అన్నిటికంటే ముఖ్యంగా నిలకడగా.

తెచ్చేటప్పుడు కారు డిక్కీలో పెట్టండి. సంచులు మూసి ఉన్నాయి కాబట్టి అవి చల్లగా ఉంటేనే మంచిది. ఇంట్లో గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫయర్ ఉంటే ఆ గదిలో కట్టేయండి.

గోదారిపిల్ల (మిన్నియాపొలిస్)

ఎంత చక్కగా చెప్పారండీ అందరూ. రీళ్ల సంగతి కూడా చెప్పండి. అవి క్యాసెట్ల కంటే పాతవి. మా తాతగారి కాలంలో ఎవరో రికార్డు చేసి ఇచ్చినవి, కొన్నిటికి పైన పేరు కూడా లేదు.

బెజవాడ_రీలు (విజయవాడ)

రీలును దీపానికి అడ్డంగా పట్టి పక్క నుంచి చూడండమ్మా. చుట్టలోంచి వెలుగు కనిపిస్తే అది పాత ఎసిటేట్ టేపు. వెలుగు రాకుండా నల్లగా ఉంటే పాలియెస్టర్. పాలియెస్టర్ గట్టిపిండం. లాగితే సాగుతుంది కానీ అంత త్వరగా తెగదు. ఎసిటేట్ పొడి గాలిలో పెళుసుబారుతుంది, పుటుక్కున తెగుతుంది. తెగినా సాగదు కాబట్టి తెగినచోట శుభ్రంగా అతికించొచ్చు, అదొక్కటే దానిలో నయం. డబ్బా తీయగానే వెనిగర్ వాసన వస్తే ఆ రీలును మిగతా వాటికి దూరంగా పెట్టి, ముందుగా దాన్నే కాపీ చేయించండి. ఎసిటేట్ రీళ్లు మీ చేత్తో తిప్పొద్దు, తెలిసినవాళ్లకు ఇవ్వండి.

డెక్ సంగతి. మీరు ఆడించబోయే డెక్ కూడా గ్యారేజీలోనే ఉందా? ఉంటే దాన్ని టేపు కంటే ఎక్కువసేపు ఆరనివ్వాలి. బరువైన లోహపు భాగాలు చలిని త్వరగా వదలవు. చలికి గ్రీజు చిక్కబడుతుంది, బెల్టు బిరుసెక్కుతుంది, టేపును క్యాప్‌స్టన్‌కి నొక్కి పట్టే పించ్ రోలర్ రబ్బరు గట్టిపడుతుంది. ఒక రోజంతా గదిలో ఉంచాక టేపు లేకుండా కాసేపు తిప్పండి. హెడ్‌నీ, క్యాప్‌స్టన్‌నీ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. ముందు ఏదైనా పనికిరాని క్యాసెట్ పెట్టి రెండు వైపులా ఆడించండి. అది క్షేమంగా బయటికొస్తేనే నాన్నగారి క్యాసెట్ పెట్టండి.

గోదారిపిల్ల (మిన్నియాపొలిస్)

తెచ్చేశాను. తేమకొలత గారు చెప్పినట్టే గ్యారేజీలో సంచులు మూశాం. వేళ్లు కొంకర్లు పోయాయి కానీ అన్నయ్య, నేను కలిసి పూర్తిచేశాం. ఇంట్లో ఐస్‌బాక్స్ మూత మర్నాడు తీసి చూస్తే సంచుల బయట చెమ్మ, లోపల క్యాసెట్లు పొడిగా ఉన్నాయి! సంచులు తుడిచి, క్యాసెట్లు తీసి, అరలో పుస్తకాల్లా నిలబెట్టాను. రీళ్లన్నీ పాలియెస్టరే, వెనిగర్ వాసన లేదు. డెక్ గ్యారేజీది కాదు, ఇక్కడే కొన్నది.

ఒక క్యాసెట్ మాత్రం అనుమానంగా ఉంది. పైన "రుక్మిణీ కల్యాణం, రెండో రాత్రి" అని బాబాయి చేతిరాత. పెన్సిల్ పెట్టి తిప్పితే గట్టిగా ఉంది, తిరగడం లేదు.

బెజవాడ_రీలు (విజయవాడ)

బలవంతంగా తిప్పకండి. లోపల పొరలు ఎగుడుదిగుడై డబ్బా గోడకు రాసుకుంటున్నాయన్నమాట. క్యాసెట్‌ను బల్లపరుపుగా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టండి, ఇటు నాలుగుసార్లు, అటు నాలుగుసార్లు. పొరలు సర్దుకుంటాయి. తర్వాత ఆరుపలకల పెన్సిల్‌తో ఒక చుట్టు తిప్పి చూడండి. కదిలితే డెక్‌లో పెట్టి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటికి వెనక్కి పోనివ్వండి. అన్ని క్యాసెట్లకూ ఇలా చేయాలి. చలికి మారిన బిగువు దీంతోనే సరి అవుతుంది. ఆ తర్వాతే ప్లే.

అప్పటికీ కదలకపోతే డబ్బా మార్చాలి. మూలల్లో, మధ్యలో కలిపి ఐదు చిన్న స్క్రూలుంటాయి. అవి విప్పి చుట్టలను వేరే మంచి డబ్బాలోకి మార్చొచ్చు. స్క్రూల్లేకుండా అతికించిన డబ్బా అయితే చాకుతో చీల్చాల్సి వస్తుంది. అది మీరు చేయొద్దు.

తేమకొలత (హైదరాబాద్)

మొదటిసారి ప్లే చేసేటప్పుడే కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకోండి. "ఊరికే విని చూద్దాం" అనుకోవద్దు. పాత టేపు మొదటిసారే అన్నిటికంటే బాగా పలకొచ్చు. శబ్దాన్ని కుదించని డబ్ల్యూఏవీ ఫైలుగా, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో తీసుకోండి. ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు.

మన్యం_మంచు (పాడేరు)

మీ మైనస్ 25 ముందు మాది చలే కాదు కానీ, మా లంబసింగిలో డిసెంబరు, జనవరి పొద్దుల్లో సున్నా దగ్గరికి వెళ్తుంది. ఇక్కడ చలి ఒంటరిగా రాదు, మంచూ తేమా వెంటబెట్టుకుని వస్తుంది. థింసా పాటలు రికార్డు చేసిన పాత క్యాసెట్లు మా దగ్గర కొన్ని ఉన్నాయి. వాటిలో కొన్నిటికి క్యాసెట్ డబ్బా మీది కిటికీలోంచి చూస్తే టేపు అంచుల్లో తెల్లగా బూజు కనిపిస్తోంది. తుడిచి ఆడించొచ్చా?

తేమకొలత (హైదరాబాద్)

ఆడించొద్దు. బూజు డెక్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి మంచి క్యాసెట్లకు అంటుకుంటుంది. బూజు పట్టినవాటిని విడివిడిగా కాగితపు కవర్లలో పెట్టి వేరే గదికి మార్చండి. సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఉంచితే బూజు పొడిబారి పెరగడం ఆగుతుంది. శుభ్రం చేయడం మాస్కు, చేతితొడుగులు వేసుకుని చేసే పని. ఆ దుమ్ము పీల్చడం ఊపిరితిత్తులకు మంచిది కాదు.

మీ మాటతో ఇంకో సంగతి చెప్పాలనిపించింది. చలి లేని ఊళ్లోనూ ఈ గండం ఉంది. ఆగస్టులో బెజవాడలో 32 డిగ్రీలు, 70 శాతం తేమ ఉందంటే 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతిదాని మీదా నీరు పడుతుంది. 20 డిగ్రీల ఏసీ గదిలోంచి కెమెరా, రికార్డర్ తీసుకుని నేరుగా పెళ్లిపందిట్లోకి వెళ్తే జరిగేది అదే. ఏసీ గదిలోనే సంచిలో మూసి, బయటికి వచ్చాక అరగంటైనా ఆగి తెరవాలి.

కొత్తమైకు (తిరుపతి)

నా ప్రశ్న ఇక్కడే అడగొచ్చా? నేను సౌండ్ నేర్చుకుంటున్నాను. జనవరిలో లేహ్ దగ్గర స్పితుక్ మఠంలో గుస్తోర్ ఉత్సవం రికార్డు చేయడానికి మా సార్‌తో వెళ్తున్నాను. డిజిటల్ రికార్డర్, రెండు కండెన్సర్ మైకులు, సార్ దగ్గరున్న పాత మినీడీవీ కెమెరా (చిన్న టేపు మీద వీడియో తీసేది) పట్టుకెళ్తున్నాం. తిరుపతి దాటి చలి చూసింది లేదు.

బూమ్‌పోల్ (ముంబై)

తమ్ముడూ, చలికాలంలో లదాఖ్‌లో పనిచేశాను కాబట్టి వివరంగా రాస్తాను.

ముందు బ్యాటరీలు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది, జనవరి రాత్రిళ్లు మైనస్ 15, ఇంకా కిందికి కూడా పోతుంది. మామూలు ఆల్కలైన్ సెల్స్ ఆ చలిలో నిమిషాల్లో చేతులెత్తేస్తాయి. లోపలి ద్రవం నీటితో చేసినది. డబుల్ ఏ సైజులో లిథియం సెల్స్ దొరుకుతాయి, ఒకసారి వాడి పారేసేవి. అవి మైనస్ 40 దాకా పనిచేస్తాయి. ఖరీదెక్కువే, అయినా కొనండి. రీచార్జి చేసే లిథియం అయాన్ బ్యాటరీలను లోపలి చొక్కా జేబులో, ఒంటికి ఆనించి ఉంచుకో. చలికి "అయిపోయింది" అని చూపించిన బ్యాటరీ జేబులో వెచ్చబడ్డాక మళ్లీ కొంత పనిచేస్తుంది, పారేయకు. సున్నా కంటే చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఛార్జింగ్ పెట్టొద్దు. లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా పాడవుతుంది.

రెండోది, లోపలికీ బయటికీ తిప్పొద్దు. పొద్దున చలిలోకి తీసుకెళ్లిన సామాను సాయంత్రం దాకా చలిలోనే ఉండాలి. మధ్యలో టీకి, తుక్పాకి (అక్కడి నూడిల్స్ సూప్) లోపలికి వెళ్లినప్పుడు రికార్డర్‌ను వెంట తీసుకెళ్లకు. లదాఖీ ఇళ్లలో పొయ్యి చుట్టూ అందరూ కూర్చుంటారు. ఆవిరి, ఊపిరి కలిసి గదంతా తేమగా ఉంటుంది. ఒకరిని కాపలా పెట్టి సామాను బయటే ఉంచండి. రాత్రి బసలో కూడా మూసిన సంచిలో వేసి హీటర్ లేని వసారాలో పెట్టి, బ్యాటరీలు, కార్డులు, ఆ రోజు వాడిన టేపులు మాత్రం లోపలికి తెచ్చుకోండి. టేపులను లోపలికి తెచ్చే ముందు బయటే సంచిలో మూయాలి.

మూడోది మీ సార్ కెమెరా. మీ సామానులో అన్నిటికంటే సున్నితమైనది అదే. మినీడీవీలో హెడ్ ఉన్న డ్రమ్ము నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంది, టేపు దాన్ని చుట్టుకుని పోతుంది. డ్రమ్ము మీద చుక్క తేమ ఉన్నా టేపు అతుక్కుని చిరుగుతుంది. అందుకే లోపల తేమను కనిపెట్టే సెన్సర్ పెట్టారు. తేమ హెచ్చరిక రాగానే కెమెరా మొరాయిస్తుంది, టేపు బయటికి తీయడం తప్ప వేరే పని చేయదు. అప్పుడు టేపు తీసి, తలుపు తెరిచి ఉంచి, కనీసం గంట ఆగాలి. ఆఫ్ చేసి ఆన్ చేసి దాన్ని ఏమార్చాలని చూడొద్దు.

మైకుల విషయంలో కండెన్సర్లు తేమ తగిలితే చిటపటమంటాయి. ఉంటే ఒక డైనమిక్ మైకు అదనంగా పెట్టుకోండి, అది మొండిది. మైకు బొచ్చు తొడుగు మీద మంచు పొడి పడితే దులపండి, చేత్తో రుద్దితే కరిగి లోపలికి దిగుతుంది.

కొత్తమైకు (తిరుపతి)

చాలా థాంక్స్ అన్నా. కేబుళ్ల సంగతి? మావి మామూలు పీవీసీవి.

బూమ్‌పోల్ (ముంబై)

చలికి అవి కర్రల్లా బిగుస్తాయి. చుట్ట చుట్టేటప్పుడు విరవకుండా పెద్ద చుట్టలుగా చుట్టు. సిలికోన్ తొడుగువి దొరికితే రెండు తీసుకో. నైలాన్ జాకెట్ వేసుకోవద్దు, చెయ్యి కదిపితే చాలు రికార్డింగ్ నిండా గరగరే. పైన ఉన్ని శాలువా కప్పుకో. ఎండిన మంచు మీద అడుగు వేస్తే కరకరమంటుంది, లామాలు పొడవాటి కొమ్ముబూరాలు ఊదడం మొదలుపెట్టే ముందే మీ చోటు చూసుకుని నిలబడి ఉండాలి. స్క్రీన్ అంకెలు నత్తనడక నడుస్తాయి, లెవెల్ మీటర్‌ను నమ్ముకోకుండా కాస్త తక్కువలో పెట్టి 24 బిట్‌లో రికార్డు చెయ్యి.

గోదారిపిల్ల (మిన్నియాపొలిస్)

బెజవాడ గారూ, రుక్మిణీ కల్యాణం కదిలింది! అరచేతి మీద తట్టాక పెన్సిల్‌తో తిరిగింది. ముందుకూ వెనక్కీ పోనిచ్చి, 96లో రికార్డు చేశాను. మొదటి నిమిషం శబ్దం కాస్త ఊగింది, తర్వాత శుభ్రంగా ఉంది. చిడతలు, కాలి గజ్జెలు విడివిడిగా వినిపిస్తున్నాయి. నాన్నగారు మధ్యలో కథ ఆపి, వెనక వరుసలో మాట్లాడుకుంటున్నవాళ్లను మందలించడం కూడా ఉంది. అమ్మ ఫోన్‌లో విని, "ఆ రోజు వాన పడిందే" అంది.

ఒక 120 క్యాసెట్ తేలింది. దానికేం చేయాలి? రెండు నిమిషాలు ఆడాక కీచుమంటోంది. వెంటనే ఆపేశాను.

బెజవాడ_రీలు (విజయవాడ)

సంతోషం తల్లీ. 120ని ఇంక ఆడించకండి. కీచుమందంటే టేపు హెడ్‌ను పట్టి పట్టి వదులుతోంది, పూతలో కందెన తగ్గి ఉండొచ్చు. హెడ్ తుడిచి చూడండి. దూదికి గోధుమరంగు పొడి బాగా అంటితే పూత రాలుతోందని అర్థం. అప్పుడు దాన్ని వెనక్కి చుట్టే ప్రయత్నం కూడా చేయకుండా, ఆపిన చోటే ఆపి, టేప్ రిస్టోరేషన్ చేసే స్టూడియోకి ఇవ్వండి. ఎక్కడ ఆపారో, ఎన్ని డిగ్రీల చలిలో ఎన్నాళ్లు ఉందో చీటీ రాసి లోపల పెట్టండి, వాళ్లకు పనికొస్తుంది.

కొత్తమైకు (తిరుపతి)

చివరిగా ఒకటి. విమానాశ్రయంలో ఎక్స్‌రేకి టేపులు పాడవుతాయా? చెకిన్ లగేజీలో వేయొచ్చా?

చినూక్ (కాల్గరీ)

ఎక్స్‌రేకి అయస్కాంత టేపు పాడవదు. దానికి జడవాల్సింది ఫోటో ఫిలిం. అయినా రికార్డు చేసిన టేపులు, కార్డులు చెకిన్‌లో వేయొద్దు. చలికాలంలో ఆ పెట్టెలు రన్‌వే పక్కన బండి మీద ఎంతసేపు ఉంటాయో మన చేతిలో లేదు. చేతిసంచిలో, మూసిన కవర్లో పెట్టుకోండి. లిథియం అయాన్ స్పేర్ బ్యాటరీలను ఎలాగూ చేతిసంచిలోనే తీసుకెళ్లాలి, చెకిన్‌లో ఒప్పుకోరు. బ్యాటరీల కొసలకు అంటుకునే ప్లాస్టిక్ టేపు వేసి, ఒక్కోదాన్ని విడి కవర్లో పెట్టండి.